వాళ్ళు అనని మాట

నేను రాసిన ఒక ప్రార్థన గీతాన్ని దివిసీమలో కొన్ని బడుల్లో ఇప్పటికీ పాడుతున్నారు. అందులో ఏ దేవుడి పేరూ లేదు. అందుకే అది అందరిదీ అంటారు. దాన్ని ఎవరు మెచ్చుకున్నా నా గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉండేది. పదేళ్ళు అలాగే మోశాను. ఆ పాటకు చోటు చెయ్యడానికి నేనొక పని చేశాను. అదేమిటో ఇవాళ మీకు చెబుతాను. తడబడతానేమో గాని దాచను.

నా పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. నేను తెలుగు మేష్టారిని. సొంతూరు బందరు. మా తాతగారి నాటి నుంచీ ఇంట్లో అందరూ బడిపంతుళ్ళో గుమాస్తాలో. తొంభైల మొదట్లో దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హైస్కూలుకు బదిలీ మీద వెళ్ళాను. అది డెబ్బై ఏడు నాటి ఉప్పెనలో సగం తుడిచిపెట్టుకుపోయిన ఊరు. ఆ ఉప్పెనకు బందరులో మా ఇంటి పెంకులు లేచిపోయాయి. అంతకు మించి నాకేమీ పోలేదు. ఆ ఊళ్ళో మాత్రం ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయారు. ఈ తేడా నాకు ఎప్పుడూ గుర్తుండి ఉండాల్సింది. ఉండలేదు.

ఏటా ఉప్పెన వచ్చిన రోజున పొద్దున్నే తుఫాను షెల్టరు ముందు జనం చేరేవారు. మైకు లేదు, కుర్చీలు లేవు. వేణుగోపాలస్వామి గుడి అర్చకులు ఆచార్యులు గారు ముందు శాంతి మంత్రం చదివేవారు. ఆయన పక్కనే నిలబడి, ఆయన ముగించగానే చర్చి పాస్టరు దేవసహాయం గారు ప్రార్థన చేసేవారు. తరవాత ఎవరి పనికి వాళ్ళు. ఇది ఎవరూ కమిటీ వేసి తీర్మానించిన పద్ధతి కాదు. ఉప్పెన నీరు తీసిన మూడోనాడు తుమ్మ కంపల్లోంచి, చేలల్లోంచి శవాలను మోసుకొస్తుంటే ఎవరు ఎవరో పోల్చుకునే స్థితి లేదట. ఏ గుంటలో పెట్టింది గుడికి వెళ్ళే మనిషినో, చర్చికి వెళ్ళే మనిషినో చెప్పగలవాళ్ళు లేరు. అందుకని ప్రతి గుంట దగ్గరా ఇద్దరూ నిలబడ్డారు. దేవసహాయం గారి భార్య, ఇద్దరు పిల్లలు ఆ గుంటల్లోనే ఎక్కడో ఉన్నారు. ఆచార్యులు గారి తల్లి కూడా. ఎవరి మాట ఎవరి మనిషికి చేరిందో వాళ్ళిద్దరికీ తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఏటా వచ్చి అలా పక్కపక్కన నిలబడేవారు, అంతే.

నేను దాన్ని చూసి ఏమనుకున్నానో తెలుసా? మోటుగా ఉంది అనుకున్నాను. ఒకరి తరవాత ఒకరు విడివిడిగా చెయ్యడమేమిటి, అందరూ కలిసి ఒక్క గొంతుతో చేస్తే ఎంత ఎత్తులో ఉంటుంది అనుకున్నాను. ఆ ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ నమ్ముతాను. మంచి ఆలోచన పట్టుకుని చెడ్డపని చేసినవాడు తనను తాను పట్టుకోవడం చాలా కష్టం. నాకు పదేళ్ళు పట్టింది.

ఉప్పెనకు ఇరవై ఏళ్ళు నిండిన సంవత్సరం జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారన్నారు. షామియానా, మైకు, కార్యక్రమాల పట్టిక అన్నీ వచ్చిపడ్డాయి. పట్టిక రాసే పని నాకప్పగించారు. అప్పటికే పాట రాసి పెట్టుకున్నాను. పన్నెండు పాదాలు. ఎనిమిదో తరగతి పిల్లలకు నెల్లాళ్ళు నేర్పాను. బాగా పాడుతున్నారు. ప్రార్థనకు పది నిమిషాలే ఇచ్చారు. మంత్రం, పాస్టరు గారి ప్రార్థన, ఆపైన నా పాట. మూడోది అయ్యేసరికి అధికారి వాచీ చూసుకుంటారు. నా కళ్ళ ముందు కనపడింది ఆ వాచీయే.

ఇద్దరి దగ్గరికీ వెళ్ళి, "ఈ ఏడాదికి పాట ఒక్కటే పెడదామండీ" అని అడిగితే సరిపోయేది. ఒప్పుకునేవారేమో. మరెందుకు అడగలేదు? ఒప్పుకోకపోతే? "పాటా పెట్టండి, మేమూ ఉంటాం" అంటే? అప్పుడు నా పాట మూడోదే అవుతుంది. అడిగితే కాదనే హక్కు వాళ్ళకుంటుంది. ఆ హక్కు వాళ్ళకు ఇవ్వడం నాకిష్టం లేకపోయింది.

ఒక సాయంత్రం చర్చికి వెళ్ళాను. దేవసహాయం గారు వెనక దొడ్లో కంచెకు తీగ చుడుతున్నారు. నన్ను చూసి నవ్వారు.

"రండి మేష్టారూ. పిల్లలు పాట బాగా పాడతన్నారంట గదా."

"అయ్యగారూ, సభలో మీ ప్రార్థన గురించి ఒక మాట చెప్పాలని వచ్చాను."

"పెద్దోళ్ళొస్తన్నారు గదండీ, తగ్గించమంటారా? రెండు ముక్కల్లో ముగిస్తాలెండి."

"అది కాదండీ. గుడి తరఫు వాళ్ళు వద్దంటున్నారు. చర్చి ప్రార్థన ఉంటే తాము రామంటున్నారు."

ఆయన చేతిలో తీగ ఆగింది.

"ఆచార్లు గారు కూడానా?"

ఇక్కడైనా నేను ఆగిపోగలిగేవాణ్ణి. ఆచార్యులు గారు ఏమన్నారో నాకు తెలియదండీ అంటే చాలు. దేవసహాయం గారే వెళ్ళి కనుక్కునేవారు, నా బండారం పది నిమిషాల్లో బయటపడేది. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

"ఆయనే ముందు అన్నారండీ."

"నాతో ఒక మాట అనొచ్చు గదా. ఇరవై ఏళ్ళ నించీ పక్కన నిలబడేవోణ్ణి," అన్నారు. కోపం లేదు. తరవాత తీగ మళ్ళీ చుట్టసాగారు. "సరేలెండి. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకు? నేను రాను. ఆయన్నే చదవమనండి."

మర్నాడు పొద్దున గుడికి వెళ్ళి అదే అబద్ధాన్ని తిరగేసి చెప్పాను. చర్చివాళ్ళు మంత్రాలుంటే రామంటున్నారని, పాస్టరు గారే ముందు అన్నారని. ఆచార్యులు గారు తులసి దళాలు ఏరుతూ విన్నారు. ఆయన అడిగిందల్లా ఒకటే, దేవసహాయానికి ఒంట్లో బాగానే ఉందా అని. తరవాత తాను తప్పుకుంటానని, అతన్నే ప్రార్థన చేసుకోనివ్వమని చెప్పారు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తప్పుకున్నారు. ఖాళీ అయిన చోటు నాకు దక్కింది. ఒకరి గడపకు మరొకరు వెళ్ళి నిలదీసే మనుషులు కారని నాకు తెలుసు. వాళ్ళ మర్యాద మీదే నేను పందెం కాశాను. గెలిచాను.

సభ బాగా జరిగింది. పిల్లలు ఒక్క అక్షరం కూడా తప్పు పాడలేదు. అధికారి లేచి నిలబడి విన్నారు. కుల మతాలకు అతీతమైన ఇలాంటి ప్రార్థన ప్రతి ఊళ్ళోనూ ఉండాలన్నారు. నాకు శాలువా కప్పారు. జనంలో ఆ ఇద్దరి కోసం వెతికాను. ఇద్దరూ రాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు హాయిగానే అనిపించింది. శాలువా వెచ్చగా ఉంది.

మూడు రోజుల్లో సంగతి ఊరంతా తెలిసింది, రెండు రకాలుగా. గుడి వీధిలో ఒక రకంగా, చర్చి వైపు ఇంకో రకంగా. మా పెద్దాయన్ని వద్దన్నారట అని వీళ్ళు, మా అయ్యగారిని వద్దన్నారట అని వాళ్ళు. మరుసటి ఏడు షెల్టరు ముందుకు గుడి వీధి వాళ్ళు మాత్రమే వచ్చారు. చర్చివాళ్ళు చర్చిలోనే చేసుకున్నారు. కొట్లాట లేదు, మాటా మాటా అనుకోవడం లేదు. రెండుగా చీలిపోయారు, అంతే. నా పాట మాత్రం పక్క ఊళ్ళకు పాకింది. పిల్లల ప్రార్థనకు బాగుందని నలుగురూ రాసుకు పోయారు.

కొన్నేళ్ళకు నాకు గుడివాడ బదిలీ అయింది. ఆచార్యులు గారు పోయారని తెలిసి వెళ్ళాను. పాడె వీధి మలుపు తిరుగుతుంటే అక్కడ దేవసహాయం గారు కనపడ్డారు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికి రాలేదు. తాను రావడం పోయిన మనిషికి ఇష్టం ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నేను ఇచ్చిందే. పాడె దాటిపోయేదాకా ఉండి వెళ్ళిపోయారు. ఆయన ప్రార్థన చేశారో లేదో నాకు తెలియదు. నాలుగు అడుగులు వేస్తే ఆయన చెయ్యి పట్టుకోగలను. గుడివాడ బస్సుకు టైమవుతోందని నాకు నేను చెప్పుకున్నాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

ముప్పై ఏళ్ళ సభకు పిలుపు వచ్చింది. కొత్త హెడ్మాస్టరు ఫోను చేశాడు, కుర్రాడు, ఉత్సాహం ఉన్నవాడు. మీ పాటతోనే మొదలుపెడుతున్నామండీ, మిమ్మల్ని సత్కరించుకుంటాం అన్నాడు. వస్తానన్నాను. ఒకరోజు ముందే వెళ్ళాను, సభకు కాదు.

దేవసహాయం గారు బాగా వంగిపోయారు. చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. అరుగు మీద ఆయన ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆచార్యులు గారు ఆ మాట అనలేదని, ఆయన పేరు పెట్టి నేనే కల్పించానని, ఆయనకు మీ పేరు పెట్టి చెప్పానని. సభ, వాచీ, పాట అన్నీ చెప్పాను. కారణాలు చెబుతున్నప్పుడు అవి ఎంత చిన్నవో నా చెవులకే వినపడింది. చెప్పడం అయిపోయాక ఆయన గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళారు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. ఆయన మళ్ళీ బయటికి రాలేదు. ఒక గంట కూర్చుని లేచాను.

గుడి దగ్గర ఆచార్యులు గారి అబ్బాయికీ చెప్పాను. ఇప్పుడు అర్చకత్వం అతనిదే. "పాత సంగతులు ఎందుకులెండి మేష్టారూ, వదిలెయ్యండి," అని ప్రసాదం చేతిలో పెట్టాడు. అంత తేలిగ్గా వదిలెయ్యడానికి అతనికి హక్కుందో లేదో నాకు తెలియదు. నాకైతే ఆ లోపలికి వెళ్ళిపోయిన మనిషి సమాధానమే సరిగా అందింది.

హెడ్మాస్టరుతో సత్కారం వద్దన్నాను, ఎందుకో చెప్పాను. ఆ పాటకు నా పేరు తీసెయ్యమన్నాను. అతను ఇబ్బందిగా విని, పాట చేసిన తప్పేముందండీ అన్నాడు. పాట పాడారనీ, గుడి వాళ్ళు షెల్టరు దగ్గరా చర్చివాళ్ళు చర్చిలోనూ ఎప్పటిలాగే చేసుకున్నారనీ తరవాత తెలిసింది. నేను నిజం చెప్పినంత మాత్రాన ఏమీ అతుక్కోలేదు. ఆ రోజే బడిలో ఒక అమ్మాయిని అడిగాను, ఎందుకమ్మా విడివిడిగా చేసుకుంటారు అని. "మొదట్నించీ అంతేనండీ," అంది. ఆ 'మొదలు' నేనే.

మీరు నన్ను క్షమించాలని ఇదంతా చెప్పలేదు. ఆ పని చెయ్యగలిగినవాళ్ళలో ఒకరు పోయారు, ఇంకొకరు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. రెండూ నాకు తగినవే.

సభకు ఆగకుండా ఆ సాయంత్రమే అవనిగడ్డలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన, మా కాళ్ళ దగ్గర ఆయన చేపల బుట్ట. ఏ ఊరండీ, ఏం పని మీద వచ్చారు అని మామూలుగా అడిగాడు. పదేళ్ళుగా ఆ ప్రశ్నకు నా దగ్గర తయారుగా ఉండే జవాబు, ఇక్కడ పనిచేశానండీ, పాట రాశానండీ అన్నది, నోటిదాకా రాలేదు.

"ఇక్కడ ఇద్దరు పెద్దమనుషుల మధ్య అబద్ధం చెప్పానండీ. అది చెబుదామని వచ్చాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చెప్పారా?" అన్నాడు.

"చెప్పానండీ."

"అయితే ఇంటికి పోండి," అని బుట్ట కొంచెం పక్కకు జరుపుకున్నాడు. కాళ్ళు చాపుకున్నాను.