మోడం మింగిన నక్షత్రం

తిరుపతిలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, దూరంగా వేరే ఊరి కొండ మీదుండే టెలిస్కోపు నాకు మూడు సాయంత్రాలు ఇచ్చినారు. నేను చూడాల్సింది ఒక చిన్న గ్రహశకలం, సూర్యుడి చుట్టూ తిరిగే రాయి. అప్పుడది భూమికి దగ్గరగా వచ్చి పోతా ఉంది. మళ్లీ అంత దగ్గరికి వచ్చేసరికి నేను ముసలిదాన్ని అయిపోతాను.

మొదటి రెండు సాయంత్రాలు వానకే పోయినాయి. మూడో రోజు పొద్దు గూకినాక ఆకాశం తెరిపిచ్చింది. రాయి దొరికింది. ముప్పావు గంట దాని వెలుగు పట్టినాం.

ఆ వెలుగు రాయిది కాదు, దాని మీద పడి తిరిగొచ్చిన ఎండ. అందులో ఏ రంగులు తగ్గినాయో చూస్తే అది ఇనుమా, నీళ్లు కలిసిన మట్టా చెప్పొచ్చు. అయితే తగ్గకముందు ఎండ ఎట్లుండిందో తెలియాల. అందుకని సూర్యుడి వంటి నక్షత్రాన్ని ఒకదాన్ని అదే పూట, అదే గాలిలోంచి చూసి సరిపోల్చుకోవాలి.

టెలిస్కోపు నడిపే అన్న దాన్ని అట్లాంటి నక్షత్రం వైపుకు తిప్పుతా ఆగిపోయినాడు.

"సూడమ్మా, తూరుపున మోడం ఎక్కతా ఉండాది."

"ఐదు నిమిషాలు చాలన్నా."

"మోడానికి నేనేం సెప్పేది?"

ఆ ఐదు నిమిషాలు కూడా దొరకలేదు. మబ్బు కమ్మేసి, తెర మీద నక్షత్రం మసకబారి పోయింది.

తిరుపతికి వచ్చి, రెండు నెలల ముందు వేరేవాళ్లు అదే టెలిస్కోపుతో పట్టిన నక్షత్రం వెలుగుతో పోల్చి లెక్క కట్టినాను. రాయి రంగుల గ్రాఫులో గీత మధ్యన చిన్న పల్లం కనిపించింది. నీళ్లున్న మట్టికి అట్లాంటి పల్లమే వస్తుంది. మా గైడు మేడమ్ చాలాసేపు చూసింది.

"ఇది రాయిదా, ఆ రోజు గాలిలో తేమదా?"

"చెప్పలేను మేడమ్."

"అట్లయితే రాయలేం."

కోపంగా అనలేదు. కోపంగా అనింటే వాదించేదాన్నేమో. నా థీసిస్‌లోంచి ఆ రాయి అధ్యాయం తీసేసినాం.

మా నాయన నగరిలో నూలుకు రంగులద్దుతాడు. అధ్యాయం తీసేసిన రోజే ఫోన్ చేసినాడు.

"యేం రాయో తెలిసిందా పాపా?"

"లేదు నాయనా. మోడం పట్టేసింది."

"పోనీలే, రేపు సూడొచ్చు."

ఆ రేపు లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఊ అన్నాను.

తర్వాతి నెల ఇంటికి పోయినప్పుడు అద్దకం షెడ్డులో పక్కింటాయన పలకరించినాడు.

"నువ్వు సూసింది ఇనపరాయంట కదమ్మా. మీ నాయన సెప్పినాడు."

నాయన తలెత్తకుండా నూలు పిండుతున్నాడు. నేను అవునని అనలేకపోయినాను. కాదని అనడానికి కూడా నా దగ్గర ఆధారమేమీ లేదు.