ప్లాస్టిక్ బిందెల కావడి

తిరుత్తణిలో మా వీధి కొళాయిలో వారంగా నీళ్లు లేవు. అందుకని తెల్ల టీషర్టు మీద మా కొండ మీది సామికి కావడి ఎత్తుకున్న భక్తుణ్ణి గీసినా. కావడికి నెమలి ఈకలకు బదులు ఖాళీ ప్లాస్టిక్ బిందెలు తగిలించినా. పొద్దున అది తొడుక్కొని పోయి, టీ అంగట్లో మా వార్డు కౌన్సిలర్ ఎదురుగా కూర్చున్నా.

"ఏం మామా, సామితోనే పరాచకాలా?" అన్నాడు.

"సామితో కాదు నాయనా, నీతోనే. ఆయనైతే మొక్కుకుంటే పలుకుతాడు" అన్నా.

అంగడంతా నవ్వింది. "ఆ చొక్కా విప్పెయ్ మామా, సాయంత్రానికి ట్యాంకర్ పంపిస్తా" అన్నాడు. వచ్చినాక విప్పుతానన్నా. నిజంగానే వచ్చింది! విప్పబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకొనింది.

"ట్యాంకర్‌కే విప్పేస్తే ఎట్ల? కొళాయిలో నీళ్లొచ్చేదాకా ఒంటి మీదనే ఉండనీ."

రేపట్నించి నా పక్కన కూర్చునేవాళ్లు ముక్కు మూసుకోండి. మీరే చెప్పండి, ఆమె మాట వినాలా, వద్దా?