ఏసురత్నం బూట్లు

"...అయ్యవారు కావాల్సినోడివి, ఆ బంతి ఎనకాల ఉరకటమేందిరా?" అంటూ మణెమ్మ కొడుకు కాలికి కాపడం పెడుతోంది. ఏసురత్నం మార్కాపురంలో పంతులు ట్రైనింగు చదువుతున్నాడు. నల్లబల్ల ముందు నిలబడినా అతని కుడికాలు ఊరుకోదు, రాలిన సుద్దముక్కనైనా తన్నుతుంది. నిన్న కంభం జట్టుతో ఉత్తకాళ్లతో ఫుట్‌బాల్ ఆడి బొటనవేలు వాచింది. రేపు ఇన్‌స్పెక్టరు ముందు పాఠం చెప్పాలి. బూట్లు లేకుండా వస్తే పరీక్ష తప్పినట్టేనని ట్రైనింగు బడిలో చెప్పారు. వాడలో ఇంతవరకు ఎవరూ బూట్లు తొడగలేదు. చెప్పులు కుట్టే నాయన ఏబేలు వీటిని నెలరోజులు కూర్చుని కుట్టాడు. కుడి బూటు వేలి దగ్గరే ఆగిపోతోంది.

"గోలు ఏసినావా?" అన్నాడు ఏబేలు.

"ఏసినా నాయనా."

ఏబేలు బూటును ఒళ్లో పెట్టుకుని ముందు తోలు నిమిరాడు.

"మణెమ్మా, కత్తి ఇట్ల తే. వేలు బయటికుండేట్టు కోసేస్తా."