ఇరవై రెండు పెట్టెలు, ఇంకో మూడు

సామాన్లు సర్దే కంపెనీ నుంచి వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా మా గడప బయటే నిలబడి, లోపలికి ఒకసారి తొంగి చూసి, "నలభై డబ్బలు పడుతయ్ మేడం" అన్నాడు. సజ్జ మీద ఏముందో చూడలేదు, మంచం కింద వంగి చూడలేదు. నేను లెక్కల టీచర్ని. చెయ్యకుండా రాసిన లెక్కకు జవాబు సరిపోయినా నేను మార్కు వెయ్యను. పైగా బట్టల బీరువాకే పది పెట్టెలన్నాడు. బట్టలను పెట్టెల్లో పెట్టడం మా ఇంటావంటా లేదు. పాత దుప్పటి పరిచి మూట కడతాం. ఆ మాత్రం తెలియనివాడి మీద నాకు నమ్మకం కుదరలేదు. మేమే సర్దుకుంటామని పంపించేశాను.

ఇబ్రహీంపట్నంలో చెరువు దిక్కు అద్దె ఇంట్లో తొమ్మిదేళ్లున్నాం. మన్నెగూడలో సొంత ఇల్లు కుదిరింది. నేను, మా ఆయన, మా అత్తమ్మ, ముగ్గురమే మనుషులం.

మెడికల్ షాపులో అడిగి సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టెలు తెచ్చుకున్నాను. అన్నీ ఒకే కొలత కాబట్టి లెక్క సులువు. పుస్తకాలు ముప్పావు వంతు దాటితే అడుగు ఊడిపోతుంది, కాబట్టి ఆరు. సజ్జ మీది సామానుకు ఐదు. ఉప్పుపప్పులకు మూడు, దేవుడి పటాలకు ఒకటి, చిల్లరమల్లరకు మూడు. గిన్నెలకు మాత్రం నాలుగే, ఎందుకంటే వాటిని ఒకదాంట్లో ఒకటి ఇమిడించాను. నా పెళ్లికి మా అమ్మ పెట్టిన ఐదు వంట గంజుల వరస మొత్తం ఒకే పెట్టెలో పట్టింది, పైన పళ్లాలకు కూడా చోటు మిగిలింది. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమెవి అంటూ నా దగ్గరున్నవి ఆ గంజులే. మొత్తం ఇరవై రెండు.

అత్తమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. "గంజులు గట్లనే ఖాళీగ పెడుతున్నవా బిడ్డా?" అంది.

"నిండుగ పెడితే మోసేదెవరు అత్తమ్మా?" అని నవ్వాను. అంతకు ముందురోజే పాత చీపురు కొత్తింటికి తీసుకుపోవద్దని ఆమె అంటే, చీపురుకు ఇల్లేం తెలుసని ఓ పావుగంట పాఠం చెప్పాను. ఇంకేం మాట్లాడలేదామె. ఊరుకుందంటే ఒప్పుకుందనే అనుకున్నాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మా ఆడబిడ్డ గేటు దాటి వెళ్తోంది. ఆమెను మంచాల అనే ఊళ్లో ఇచ్చారు. "బస్సుకు టైమైంది వదినా" అని ఆగకుండానే పోయింది. చంకలో గుడ్డసంచి మడిచి పెట్టుకుంది. ఖాళీ సంచి. ఏదో పట్టుకుపోవాలని కాకపోతే ఖాళీ సంచితో అంత దూరం నుంచి ఎవరొస్తారు? వంటింట్లోకి వెళ్లి పెట్టెలు చూస్తే, గంజుల పెట్టె మీది టేపు ముడతలు పడి ఉంది. నేను టేపు అంటిస్తే ముడతపడదు. ఎత్తి చూశాను, తేలిగ్గా లేచింది. విప్పితే లోపల పళ్లాలున్నాయి. ఐదు గంజుల్లో ఒక్కటి కూడా లేదు.

అప్పుడే అడిగితే సరిపోయేది. కానీ అడిగితే జాగ్రత్త పడతారు కదా. పరీక్షహాల్లో చీటీ కనిపించగానే నేను పట్టుకోను, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోతోందో చూస్తాను. పదో తరగతి పరీక్షల జవాబు పత్రాల కట్టకు సీలు వేసి దానిమీద అడ్డంగా సంతకం పెట్టించుకుంటారు. నేనూ అలాగే ఇరవై రెండు పెట్టెలకూ టేపు కొట్టి, సగం టేపు మీద, సగం అట్ట మీద వచ్చేలా స్కెచ్ పెన్నుతో సంతకాలు పెట్టాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఒక్కో పెట్టెనూ చూస్తూనే ఉంది. ఆమెకు చదువు రాదు. అదేమిటని అడగలేదు. అడగకపోవడం కూడా నా అనుమానానికి కలిసొచ్చింది.

తర్వాతిరోజు సంతకాలన్నీ చెక్కుచెదరలేదు. కానీ అత్తమ్మ మంచం కింద పాత చీర కప్పి మూడు పెట్టెలున్నాయి. వాటి మీద నా సంతకం లేదు. కాలితో కొంచెం తోసి చూస్తే లోపల గింజలు కదిలినట్టు గలగలమంది. అంటే గంజులు వీటిలోకి చేరాయి, వాటితో పాటు పప్పో బియ్యమో కూడా కూతురికి పోబోతోందన్నమాట.

"మన లెక్క ఇరవై రెండు, ఇప్పుడు ఇరవై ఐదు ఉన్నయ్" అని మా ఆయనకు చెప్పాను.

"నువ్వే తప్పినవ్ కావొచ్చు. మూడు డబ్బలకు గింత ఫికరా?" అన్నాడు. ముప్పై మంది పిల్లల ముందు బోర్డు మీద లెక్క తప్పినా నాకంత కోపం రాదు.

సామాను తరలించే రోజు పొద్దున ఆడబిడ్డ భర్త ట్రాలీ ఆటో తెచ్చాడు. ఆడబిడ్డ కూడా వచ్చింది. వాళ్ల బండి, వాళ్ల చేతులు. నాకంతా స్పష్టంగా కనిపించింది. గేటు దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడి, బండెక్కిన ప్రతి పెట్టెకూ టిక్కు కొట్టాను. ఇరవై రెండూ ఎక్కాయి. అప్పుడు అత్తమ్మ అంది: "గా మూడు డబ్బలు ముందట నా కాళ్లకాడ పెట్టుండ్రి, జర పైలం."

"గవి ఎక్కడికి పోతున్నయ్ అత్తమ్మా?"

"ఎక్కడికి పోతయ్ బిడ్డా, ఇంటికే."

"ఎవరింటికి?"

మా ఆయన తలెత్తి చూశాడు. నేను గడప దగ్గర పేర్చిన ఆ మూడింటి దగ్గరికి వచ్చి, బ్లేడుతో పైపెట్టె టేపు కోసి, గంజును చెవి పట్టి పైకి లాగాను. మూత జారిపోయింది. బియ్యం గడప మీద జలజలా పడ్డాయి, వాటితో ఒక పసుపుకొమ్ము దొర్లింది. మూత పెట్టి, దాన్ని పాత చీర పేలికతో కట్టిన ముడి నా చేతిలోనే ఊడింది. మిగతా పెట్టెల్లో గంజులన్నీ అలాగే ఉన్నాయి, బియ్యంతో, పసుపుకొమ్ముతో, మూతలతో. మూతలు పెట్టాక ఒకదాంట్లో ఒకటి ఇమడవు కదా. పెద్దది ఒక పెట్టెలో, తక్కినవి రెండేసి చొప్పున రెంటిలో. నా లెక్క తప్పలేదు.

"మా బియ్యమే వదినా, మా బోరు కింద పండినయ్. మొన్న అమ్మ తెమ్మంటే సంచిల తెచ్చిన" అంది ఆడబిడ్డ.

అత్తమ్మ గడప ముందు కూర్చుని బియ్యాన్ని అరచేత్తో దగ్గరికి తోస్తోంది. "వండే గంజు ఖాళీగ కొత్తింట్ల అడుగు పెట్టొద్దు. మీ అమ్మవి గద, అవే ముందుగాల పోవాలనుకున్న. చెప్తే నవ్వుతవని చెప్పలె" అంది. "రెండో దినం నువ్వు సంతకాలు పెట్టినవ్. గవి నాకోసమే అని ఎరుకైంది. ఇగ నీ డబ్బలు ముట్టలె."

నాకు తల తీసేసినట్టయింది. కూర్చుని నేనూ బియ్యం ఎత్తబోతే, "నువ్వు లే బిడ్డా, బడి చీర ఖరాబైతది" అంది. మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఒక్కో గింజా ఏరి, గంజులో పోసి, మూత కట్టి, పెట్టెలో దించింది. మా ఆయన టేపు వేశాడు. అప్పుడు నా నోటుబుక్కులో ఉన్న స్కెచ్ పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"నీ సంతకం పెట్టు. తొవ్వల ఎవరన్న ఇప్పిన్రనుకుంటవ్ మల్ల."

వద్దన్నాను. ఆడబిడ్డ ముందు, వాళ్లాయన ముందు వద్దని రెండుసార్లు అన్నాను. పెట్టేదాకా ఆమె బండెక్కలేదు. మూడు పెట్టెల మీదా పెట్టాను. మన్నెగూడలో పాలు పొంగించడానికి గంజు కావాల్సి వస్తే, "నువ్వే ఇప్పు, సంతకం నీది" అని గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆ బియ్యంతోనే మొదటిరోజు అన్నం వండాను. క్షమించమని అడిగాను కూడా. "గదేం మాట బిడ్డా" అంది, నిజంగానే మరిచిపోయినట్టు. కానీ ఆ రోజు నుంచి మా వంటింట్లో ఆమె ఏ మూత తీసినా నన్ను అడిగే తీస్తుంది. నేను బడికి తయారవుతుంటే లోపల్నుంచి ఆమె గొంతు వినిపిస్తుంది.

"బిడ్డా, ఉప్పు డబ్బ ఇప్పుతున్న. ఇప్పన్నా?"