ఈరన్నది నిదానం రకం

నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్. ఈరన్న ఇక లేడు.

"ఎన్ని గంటలకు?" అని అడిగాను. రిపోర్టర్ అలవాటు.

ఈరన్నది ఎమ్మిగనూరు. ఆదోని పత్తి యార్డులో పింజ చూసేవాడు. వేలానికి ముందు కుప్ప లోపలి నుంచి పిడికెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి, రకం చెప్పేవాడు. మార్కెట్ వార్తలకు పోయినప్పుడల్లా నాకు టీ తెప్పించేవాడు.

తొమ్మిదేళ్ల కిందట అతనికీ, మా తమ్ముడు నరసింహకూ ఒకే నెలలో ఫిట్స్ వచ్చాయి. కర్నూలులో పక్కపక్క బెడ్లు. ఇద్దరికీ బ్రెయిన్ ట్యూమర్. ఇద్దరిదీ గ్లయోమా అనే జాతే.

ఇద్దరి స్కాన్ ఫిల్ములూ వెలుతురుకు పట్టి చూశాను. నాకు తేడా కనిపించలేదు.

"పైన చూస్తే అన్నీ తెల్లగానే ఉంటాయక్కా. పింజ లాగితే గదా తెలిసేది," అన్నాడు ఈరన్న.

బయాప్సీ వచ్చింది.

తమ్ముడిది గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ ఫోర్. ఈరన్నది ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ టూ. అతని గడ్డ జీన్ టెస్టులో ఒక మార్పు కనిపించింది. అది ఉన్న గడ్డలు నిదానంగా పెరుగుతాయని డాక్టర్ చెప్పారు. తమ్ముడి గడ్డలో ఆ మార్పు లేదు.

తమ్ముడు పదకొండు నెలలు ఉన్నాడు.

ఈరన్న మళ్లీ యార్డుకు వచ్చాడు. కూతురి పెళ్లి చేశాడు. మనవణ్ని ఎత్తుకున్నాడు. ఏటా ఎంఆర్ఐ తీయించుకుని ఫోన్ చేసేవాడు. "అంతే ఉండాదంటక్కా."

సంతోషం అనేదాన్ని. అసూయతో ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

ఒకసారి యార్డులో, అందరి ముందూ అనేశాను. "నీకేమప్పా, నీది మేలు రకం."

"మేలు రకమని దీనికి ఎవురన్నా పాట ఎక్కువ పాడతారా అక్కా?"

హమాలీలు నవ్వారు. అతనూ నవ్వాడు.

ఆ తర్వాత అతని ఫోన్లు ఎత్తడం మానేశాను. మార్కెట్ వార్తలకు వేరేవాళ్లను పంపాను.

మూడు నెలల కిందట తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తాను. ఈరన్న.

"గడ్డ మారిందంటక్కా. గ్రేడ్ ఫోర్ అంటాండారు. ఇప్పుడు నాదీ తమ్మునిదంతే. ఇంగనన్నా మాట్లాడతావా?"

ఆదివారం వస్తానన్నాను.

చాలా ఆదివారాలు గడిచాయి. నిన్న పోయాను.

వాకిట్లో అతని మనవడు ఆడుకుంటున్నాడు. మా తమ్ముడికి పెళ్లే కాలేదు. అక్కడ నిలబడి కూడా నాకు తట్టింది అదే. అబద్ధం రాయను.

ఈరన్నా, ఆ తొమ్మిదేళ్లు నీవి. మా తమ్ముడి దగ్గర నువ్వు లాక్కున్నవి కావు. రెండు బయాప్సీ రిపోర్టులూ చదివినదాన్ని, ఈ ఒక్క మాట నీకు చెప్పలేకపోయాను.

మాట్లాడతానప్పా. నువ్వు నెమ్మదిగా పడుకో.