బావ బిగించిన బండి

మా బావ దర్జీ. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుంది, ముప్పై ఏళ్లలో దాన్ని ఒక్కరోజు కూడా వదులుకోలేదు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. "స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తావా బావా?" అనేదాన్ని. "నీ నోరు కొలుద్దామంటే ఈ టేపు చాలట్లేదు, పెద్దది కొనాలి" అనేవాడు.

పనిలో మాత్రం మహా మొండి. షర్టయినా, స్కూలు యూనిఫారమైనా తొడిగి చూశాకే ఆఖరి కుట్టు. తొందరపెట్టేవాళ్లతో, "హ్యాంగర్‌కి పొట్ట ఉంటుందా, భుజం వాలు ఉంటుందా? ఒంటి మీద చూడకుండా పూర్తి చెయ్యను" అని తెగేసి చెప్పేవాడు. విసుక్కుంటూనే మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

బట్టల మూటలు తేవడానికని పాత ఎస్‌యూవీ ఒకటి కొనుక్కున్నాడు. ఆ తర్వాతే అక్కకి వెన్నెముకలో జబ్బు మొదలైంది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ దారేమో వంతెన పని పేరు చెప్పి తవ్వి పడేశారు, ఏడాదైనా పూడ్చిన పాపాన పోలేదు, వాళ్ల చేతులు పడిపోను! బండి స్ప్రింగులు కుంగిపోయి ఉండేవి. గుంటలో దిగిన ప్రతిసారీ అడుగుభాగం రాళ్లకి ధడేల్మని తగిలేది. అక్క కళ్లు మూసుకుని పెదవి కొరుక్కునేది. బావ ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు.

"బండిని రెండంగుళాలు లేపుతాను. స్ప్రింగులు, షాకబ్జర్లు అన్నీ కొత్తవి వేస్తాను" అన్నాడు ఒకరోజు. మెకానిక్ ఒక్కరోజులో చేసిస్తానన్నా వినలేదు. "నా మనిషి కూర్చునే బండి. ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వను."

నాలుగు రోజులు షాపు మూసేశాడు. ఇంటి ముందు బండిని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించి, పాత దుప్పటి పరుచుకుని కిందకి దూరాడు. ఫోనులో వీడియో చూడ్డం, ఆపడం, ఒక బోల్టు తిప్పడం, మళ్లీ చూడ్డం. అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, "ఏమండీ, చక్రానికి గుండీలు కుట్టేరు, చూసుకోండి" అనేది. బండి కిందనుంచి ఆయన నవ్వు వినిపించేది. ఆ ఇంట్లో నేను విన్న ఆఖరి నవ్వులవే.

చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులన్నీ ఉన్న బలమంతా పెట్టి బిగించేశాడు. కిందకి దించి టేపు పెడితే సరిగ్గా రెండంగుళాలు. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అక్క ఎక్కడానికని చిన్న పీట కూడా చేయించాడు.

మర్నాడే ఆసుపత్రికి బయల్దేరాం. అక్క ముందు సీట్లో, నేను వెనక. నిజమే, అడుగుభాగం ఒక్క రాయికీ తగల్లేదు. కానీ ఏం కుదుపులు! చిన్న గులకరాయి ఎక్కినా దెబ్బ నేరుగా నడుములోకి దిగుతోంది. నా ప్రాణాలే పోయినంత పనైంది.

"ఎలా ఉంది?" అన్నాడు బావ మురిసిపోతూ. అడుగు తగల్లేదన్న సంబరంలో, ఆ కుదుపులన్నీ గుంటల తప్పే అనుకున్నాడు.

"ఊయల్లో ఉన్నట్టుందండీ."

నేను నోరు తెరవబోయాను. సీట్ల మధ్యనుంచి అక్క చెయ్యి వెనక్కొచ్చి నా మణికట్టు గట్టిగా గిల్లింది.

ఇంటికొచ్చాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "నాలుగు రోజులు నేల మీద పొర్లి చేశారే. బాలేదంటే కుమిలిపోతారు. నువ్వు నోరు విప్పావంటే నామీద ఒట్టు." ఎవరికీ భయపడని నా నోరు ఆ ఒట్టుకి భయపడింది. ఎనిమిది నెలలు ప్రతి ప్రయాణంలోనూ ఆయన అడిగాడు, ఆవిడ ఊయలంది, నేను కిటికీలోంచి బయటికి చూశాను. తొమ్మిదో నెలలో అక్క పోయింది.

కొన్నాళ్లకి బండి కిర్రుకిర్రుమంటోందని బావ మెకానిక్ దగ్గరికెళ్లాడు. అక్కణ్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో టేపు లేదు.

"బండిని నేలకి దించి, బరువంతా పడ్డాక బిగించాలట ఆ బోల్టులు. గాల్లో బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి బిర్రుగా అయిపోతుందట. ఇన్నాళ్లూ ఇందులో ఎలా కూర్చున్నారండీ అన్నాడు." ఖాళీ మెడ తడుముకున్నాడు. "హ్యాంగర్ మీదే పూర్తి చేసేశానే! నేను! నువ్వు వెనక కూర్చునేదానివి. నిజం చెప్పు, మీ అక్కకి నొప్పేసేదా?"

ఒట్టు వేయించుకున్న మనిషే లేదు. చెప్పేశాను, ఒట్టుతో సహా.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఒక్క మాట అనుంటే ఒక్క పూటలో సరిచేసేవాణ్ణి కదే" అన్నాడు. ఒక్క పూట. ఆ మాట నన్ను ఈరోజుకీ తినేస్తోంది.

తర్వాతి వారం కొత్త రబ్బర్లు వేసి, బండిని నేల మీద నిలబెట్టాడు. మిగిలిన గుడ్డతో గట్టి సంచి ఒకటి కుట్టి ఇసుక నింపాడు. కాటా మీద నలభై ఒక్క కిలోలు తూగేదాకా పోస్తూ తీస్తూనే ఉన్నాడు. అక్కని ఆసుపత్రిలో ఆఖరిసారి తూచినప్పటి బరువది. సంచిని ముందు సీట్లో పెట్టి బెల్టు పెట్టాడు. "నువ్వు నీ చోట కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. కిందకి దూరి ఒక్కో బోల్టూ బిగించుకుంటూ వచ్చాడు.

అలాగే ఆసుపత్రి దారి పట్టించాడు. వంతెన దగ్గర పెద్ద గుంట రాగానే అలవాటుగా నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. బండి మెల్లగా దిగి, ఒకసారి ఊగి, పైకొచ్చేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు బావ, ముందుకే చూస్తూ. నన్నడిగాడో పక్కసీటునడిగాడో తెలీలేదు.

"ఊయల్లో ఉన్నట్టుంది బావా" అన్నాను. ఈసారి నిజం.

బండి పక్కకి ఆపి, ఆ ఇసుక సంచి మీద తల పెట్టి ఏడ్చాడు.