కిడ్నీ గడిలో నల్లగీత

మా బావమరిదిని అందరూ మిక్సీ అనే పిలుస్తారు. పరిశోధనశాలలో ఎలుకల మెదడు, గుండె, కాలేయం, కిడ్నీ విడివిడిగా నూరి ఇవ్వడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా నూరీ నూరీ, మర చప్పుడు విని అందులో ఉన్నది ప్లీహమో ఊపిరితిత్తో చెప్పేస్తాడు. ఒకసారి పక్కగదిలో ఎవరో కాఫీ గింజలు ఆడిస్తుంటే "ఈ ఎలుకకు కామెర్లు" అన్నాడని నేను పదిమందికి చెప్పాను. అందులో సగం నిజం.

వాళ్ల మేడం పదకొండేళ్లుగా ఒకే మాట మీద ఉంది. కణం అంచున కాపలా కాస్తూ బయటి కబురు లోపలికి చేరవేసే ప్రోటీన్ ఒకటుంది. దానికి ఆల్ఫా, బీటా, గామా అని మూడు ముక్కలు. ఒక్కో ముక్కలో మళ్లీ బోలెడు రకాలు. ఆల్ఫాలో ఒక రకం మెదడులో తప్ప ఒంట్లో ఇంకెక్కడా ఉండదని ఆవిడ వాదన. దానిమీద వ్యాసం కూడా సిద్ధమైంది. నూరిన రసాలను వరుసగా గళ్లలో పోసి పరీక్షిస్తే, ఆ ముక్క ఉన్న గడి కింద నల్లగీత పడుతుంది. ఆఖరి పరీక్షలో మెదడు గడి కింద బొగ్గులాంటి గీత వచ్చింది. కిడ్నీ గడి కిందా వచ్చింది, పిల్లి మీసమంత.

"మిక్సీ గారూ, మెదడు కోసిన కత్తెరతోనే కిడ్నీ కోశారా?"

"కడిగే కోశాను మేడం."

"మరి మెదడు కిడ్నీలోకి నడిచొచ్చిందా?"

"ఏమో మేడం. నేనైతే దారి చూపించలేదు."

ఆవిడ నవ్వలేదు. అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగుస్తుంది. చేతిలో శుభ్రత లేదని ఆవిడ ఒక్క ముక్క రాస్తే మళ్లీ తీసుకోరు. సాయంత్రం మా ఇంటికొచ్చి, వాళ్లక్క ఎదురుగా కూలబడ్డాడు.

"అక్కా, నా చెయ్యి మురికిదట."

"నోటి సంగతి ఎత్తలేదుగా, సంతోషించు" అంది మా ఆవిడ.

"ఇంతకీ ముందు ఏది కోస్తావోయ్?" అన్నాను.

"మెదడే బావా. త్వరగా పాడవుతుందని ముందు అదే తీస్తాం. నాకు నేర్పినాయన కూడా అంతే."

"ఈసారి కిడ్నీతో మొదలుపెట్టు."

నావైపు అనుమానంగా చూశాడు. "నువ్వు చెప్పేవన్నీ కోతలే. ఇది మాత్రం బాగానే ఉంది."

మర్నాడు మేడం కళ్లెదుటే, కొత్త కత్తెర, కొత్త గిన్నె పెట్టుకుని కిడ్నీ ముందు, మెదడు ఆఖర్న కోసి నూరాడు. రెండో రోజు మధ్యాహ్నానికి గీతలు తేలాయి. పిల్లి మీసం ఉన్నచోటే ఉంది.

మేడం కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. గీత కదల్లేదు.

"మీ చెయ్యి శుభ్రమే. నా వ్యాసమే పోయింది."

"చిన్న గీతే కదా మేడం."

ఆవిడ వ్యాసం తీసి, "మెదడులో మాత్రమే" అన్నచోట కొట్టేసి "మెదడులో ఎక్కువగా" అని రాసింది. ఇక మిగతా అవయవాలన్నీ మొదటినుంచి వెతకాలి. నూరేవాడు లేకపోతే ఎలా? అతని కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించమని అక్కడికక్కడే కాగితం పెట్టింది.

"రేపటినుంచి పేగులు చూడాలి బావా" అన్నాడు ఆ సాయంత్రం.

"అందులోనూ దొరికితే?"

"మేడం ఏడుస్తుంది" అన్నాడు. "నాకు ఇంకో ఏడాది పని" అంటూ లేచాడు.